సీటు మీద దస్తీ

ఆ రోజుల్లో జహీరాబాద్‌లో బస్సు ఆగితే మనుషుల కంటే ముందు కిటికీల్లోంచి వాళ్ల జేబురుమాళ్లు, అదే దస్తీలు, ఎక్కేవి. సీటు మీద దస్తీ పడిందంటే కబ్జా అయినట్టే. దాన్ని కదిలించే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు.

ఆ పొద్దు నా భుజం మీద ఏడాది బిడ్డ జ్వరంతో కాలిపోతోంది. సంగారెడ్డి దవాఖానకు చేరేదాకా తట్టుకోగలదా అని నాకు ఒకటే గుబులు. దేవుణ్ణి తలుచుకుని, ఒక దస్తీని పక్కకు జరిపి కూర్చున్నాను.

అంతలో చంకలో ఫైళ్లతో ఒకాయన ఎక్కాడు. "అమ్మా, దస్తీ కనిపిస్తలేదా? అది నా సీటు."

బిడ్డను పొదువుకుని లేవబోయాను. అల్లం గంపతో పక్కనే నిలబడ్డ ముసలమ్మ నా భుజం నొక్కి కూర్చోబెట్టింది.

"ఏం సారూ, ఆఫీసుల కుర్చీకి కోటు తొడిగి చాయ్‌కు పోతరు, బస్సుల సీటుకు దస్తీ కప్పి పోతరు. జరమొచ్చింది పిల్లకా, నీ దస్తీకా?"

బస్సంతా నవ్వింది. ఆయన నవ్వలేదు. బిడ్డ నుదురు తాకి చూశాడు. ఆ దస్తీనే ముసలమ్మ చెంబులో నీళ్లతో తడిపి నుదుటి మీద పరిచాడు. "ఫికర్ చెయ్యకమ్మా, కూసో" అన్నాడు. ఆరినప్పుడల్లా తడుపుతూ సంగారెడ్డి దాకా నిలబడే వచ్చాడు.

దిగాక దస్తీ ఇద్దామని చూస్తే ఆయన జనంలో కలిసిపోయాడు. దేవుడి దయవల్ల బిడ్డ కోలుకుంది. దస్తీ నా దగ్గరే ఉండిపోయింది. దానితో ఇంతవరకూ ఏ సీటూ ఆపలేదు.