ఈ వారం వంతు ఎవరిది?

మొన్న ఏలూరు చేపల మార్కెట్‌లో కొరమీను కొంటే, చిల్లరలో తడిసిన పది రూపాయల నోటు ఒకటి చేతికొచ్చింది. అందరూ ముక్కు ముడుచుకునే ఆ నీచు వాసన నాకు మాత్రం కరుణమ్మ గారిని తెచ్చి ఎదురుగా నిలబెట్టింది. ఈ మాట చెబితే మా ఇంట్లో నవ్వుతారు, పెద్దావిడను తలుచుకోవడానికి మరో వాసనే దొరకలేదా అని. ఏం చేయను, ఆవిడ నాకు నేర్పినదంతా ఆ వాసన మధ్యే నేర్పారు.

కరుణమ్మ గారు మిషన్ హైస్కూల్లో హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరయ్యాక, మరో నలుగురితో కలిసి ఏలూరులో చిన్న ఫౌండేషన్ పెట్టారు. బడుల కోసం ఊరివాళ్ల దగ్గర కొంత, బయటివాళ్ల దగ్గర కొంత పోగుచేసి బ్యాంకులో వేయడం, అసలు ముట్టుకోకుండా ఏటా వచ్చే వడ్డీతోనే ఆ బడి అవసరం తీర్చడం దాని పని. శాశ్వత నిధి అనేవాళ్లం. రెండువేల దశకం మొదట్లో నేను డిగ్రీ పూర్తిచేసి, తాడేపల్లిగూడెం నుంచి రోజూ ప్యాసింజర్ రైల్లో వచ్చి అక్కడ పనిచేసేదాన్ని. పవర్‌పేటలో మేడమీద ఒకే గది మా ఆఫీసు. ఉన్న ఒక్క ఫ్యానూ నా వైపు తిప్పి, ఆవిడ విసనకర్రతో సరిపెట్టుకునేవారు. కూతురి వయసు దాన్నయినా నన్ను ‘అండి’ అనే పిలిచేవారు.

కొల్లేటి మధ్య ఒక లంకలో ఐదో తరగతి వరకే బడి ఉండేది. ఆ పైన చదవాలంటే ఒడ్డునున్న హైస్కూలుకు పడవ మీద వెళ్లాలి. పడవ కూలి ఇవ్వలేనివాళ్లు ముందుగా మాన్పించేది ఆడపిల్లలనే. ఆ పడవ కోసం నిధి పెడదామని వెళ్లాం. మూలధనం, ధర్మకర్తలు అంటూ నేను బట్టీపట్టిన ఉపన్యాసం అప్పజెప్పాను. అందరూ మర్యాదగా విన్నారు గానీ ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. చివరికి, తట్ట నెత్తిన పెట్టుకుని కలిదిండి దాకా చేపలమ్మే నాగమణి లేచింది.

“అంటే గేదెను అమ్ముకోకుండా పాలు పిండుకోవడం అన్నమాటేనాండీ?”

“అంతేనమ్మా,” అన్నారు కరుణమ్మ గారు. తర్వాత నా వైపు వంగి, “ఇకమీదట ఉపన్యాసం నాగమణికి అప్పజెబుదామండి,” అన్నారు.

చేపల చెరువు పట్టిన ప్రతిసారీ ఒక తట్ట చేపల ధర పడవ నిధికి ఇవ్వాలని ఊరు ఒప్పుకుంది. ఆ నోట్లు తీసుకెళ్తే బ్యాంకు క్యాషియర్ ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకునేవాడు. “చేపల డబ్బుకు చేపల వాసన కాక సెంటు వాసనొస్తుందాండీ?” అని ఆవిడ నెమ్మదిగా అడిగేవారు. రెండేళ్లకు వడ్డీ చేతికొచ్చి, సత్తెయ్య అనే పెద్దాయన జీతం మీద పడవ నడపడం మొదలుపెట్టాడు. నాగమణి కూతురు సువార్త ఏడో తరగతికి వచ్చింది.

అంతలో, సరస్సును సరస్సుగా ఉంచాలని ప్రభుత్వంవాళ్లు కొల్లేటిలో చేపల చెరువుల గట్లు కొట్టేశారు. వాటాలున్నవాళ్లకీ పని పోయింది, కూలికెళ్లేవాళ్లకీ పోయింది. బడులు తెరిచిన కొద్ది రోజులకు ఊరిపెద్ద వీర్రాజు గారు మరో ముగ్గురితో మా ఆఫీసు మెట్లెక్కారు.

“గేదెను అమ్ముకునే రోజు వచ్చిందండీ. మా డబ్బు మాకిచ్చేస్తే ఇంటికింత పంచుకుంటాం,” అన్నాడాయన, తల దించుకుని.

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. “ఇచ్చేద్దామండీ,” అనేశాను. నన్నెవరూ అడగలేదు. అనకూడని చోట అన్నానని నాకూ వెంటనే తెలిసింది.

కరుణమ్మ గారు కోప్పడలేదు. పది రోజుల్లో మేమే వస్తామని చెప్పి వాళ్లను పంపాక, “పిల్లల పడవ మీరెప్పుడైనా ఎక్కారా?” అని అడిగారు. లేదు. నేను వెళ్లినప్పుడల్లా అద్దె పడవే. “ఒక్క వారం వాళ్లతో తిరిగి రండి. అప్పుడు మాట్లాడుకుందాం.”

నాగమణి ఇంట్లో దిగాను. పొద్దున్నే ఇరవై మంది దాకా పిల్లలతో పడవ బయల్దేరేది. దారిలో నీళ్లమీద పెరిగిన గుర్రపుడెక్క అడ్డుపడితే పిల్లలే వంగి చేతులతో తప్పించి, తడి చేతులు లంగాలకు తుడుచుకుని పుస్తకాలు తెరిచేవారు. “పడవ ఆగిపోతే ఈదుకుంటూ వెళ్తానండి,” అంది సువార్త. వేళాకోళం కాదు. ఇంటికొస్తే నాగమణి నాకు అన్నం పెట్టి, తను చాటుగా గంజి తాగేది. నేను చూశానని తెలిసి కూడా తెలియనట్టే ఉండేది.

“నాకేమీ తోచడం లేదండీ,” అన్నాను తిరిగొచ్చాక.

“ఇప్పుడు మీరు మాట్లాడటానికి పనికొస్తారు,” అన్నారావిడ.

పదో రోజున లంకలో బడి వరండాలో ఊరంతా కూర్చుంది. “నిధి తీసేస్తే ఇంటికి రెండు నెలల బియ్యం వస్తాయి, పడవ ఆగిపోతుంది. నాకిష్టం లేదు. అయినా ఊరంతా ఒక్క మాట మీదుంటే సంతకం పెడతాను,” అన్నారు కరుణమ్మ గారు. ఈసారీ నాగమణే లేచింది.

“వలలేసే చోటుకి వంతులేసుకుంటాం గదండీ. పడవకీ అలాగే వేసుకుంటే? వారానికో ఇల్లు పడవ నడిపితే ఆ కూలి ఇల్లిల్లూ తిరుగుద్ది. గేదె గేదెలాగే ఉంటది.”

అందరి చూపులూ సత్తెయ్య మీదికి పోయాయి. ఆ జీతమే ఆయన బతుకు.

“సత్తెయ్య గారూ, ఇది మీ నోటి దగ్గర కూడు. మీరు కాదంటే కాదు,” అన్నారు కరుణమ్మ గారు.

ఆయన నీళ్ల వైపు తిరిగాడు. “నాకూ ఒక వంతు ఉంచండి, మేడమ్ గారూ,” అన్నాడు.

తిరుగు బస్సులో ఆవిడ కొంగుతో కళ్లొత్తుకోవడం మొదటిసారి చూశాను. “ఒక మనిషి కూడు తీసి ఊరికి పంచి వస్తున్నానండీ. మంచిపని చేశామని ఎక్కడా చెప్పుకోకండి,” అన్నారు. ఆ సోమవారం నుంచి ప్రతి సోమవారం ఆ ఊరి కొట్టుకు ఫోన్ చేసి, ఈ వారం వంతు ఎవరిదని కనుక్కునేవారు. వానాకాలమైతే, పడవ నడిపేవాళ్లకు గొడుగు ఉందా అని కూడా అడిగేవారు. సువార్త పదో తరగతి పాసయిందని విన్న రోజున కూడా ముందు అడిగింది వంతు సంగతే.

కొన్నేళ్లకు ఆవిడ మంచం పట్టారు. చూడ్డానికి వెళ్తే నా చెయ్యి పట్టుకుని, “ఈ వారం వంతు ఎవరిదండీ?” అన్నారు. నాకు తెలియదు. ఆఫీసు బాధ్యతంతా నా మీదే ఉంది, ఫైళ్లన్నీ సరిగ్గా ఉన్నాయి, ఆ ఒక్క సంగతీ తెలియదు. సిగ్గుతో వరండాలోకి వెళ్లి ఫోన్ చేసి వచ్చి, “సత్తెయ్య గారిదేనండీ,” అన్నాను.

“వాన పడుతోంది. గొడుగు ఉందో లేదో అడిగారా?”

అడగలేదు. మళ్లీ వెళ్లి అడిగి వచ్చేసరికి ఆవిడకు నిద్రపట్టింది. ఆ జవాబు ఆవిడకు చెప్పే అవకాశం నాకు మళ్లీ రాలేదు.

ఇప్పుడు ఆ లంకకు రోడ్డు వచ్చింది. పడవ పోయి పిల్లలకు ఆటో వచ్చింది, నిధి అలాగే ఉంది, వంతులూ అలాగే ఉన్నాయి. ఈ సోమవారం కూడా ఫోన్ చేశాను. వంతు సత్తెయ్య మనవడిదట. గొడుగు ఉందా బాబూ అంటే, ఆటోకి గొడుగెందుకండీ అని నవ్వాడు. వచ్చే సోమవారమూ అడుగుతాను.