కుండలా మోగని చక్రం

మా కారు చక్రం ఒకటి గోనెసంచిలో కట్టుకుని నేనూ కోడలు పైడమ్మా విజయనగరం బయలుదేరాం. పది రోజుల కిందట ఎచ్చెర్ల దాటాక గుంతలో పడి దాని అంచు వంగింది. ఇనుప చక్రం కాదు, అల్లాయ్‌ది. మా అబ్బాయి రాము ఆ కారులోనే వారానికి మూడుసార్లు వాళ్ల నాన్నను డయాలసిస్‌కు శ్రీకాకుళం తీసుకెళ్తాడు. ఇప్పుడు స్టెప్నీ తొడిగి నడుపుతున్నాడు. అదీ పోతే ముసలాయన రోడ్డు మీద ఉండిపోవాలి. కొత్తది కొందామని రాము, బాగుచేయిద్దామని నేను. నా మాటే నెగ్గింది.

ఏడు గంటలకు చిలకపాలెంలో బస్సు ఎక్కాం. ఆడవాళ్లకు ఆధార్ చూపిస్తే టిక్కెట్ లేదు. కండక్టర్ సంచిని కాలితో కదిపాడు.

"ఏటమ్మా ఇది?"

"కారు సక్రం."

"మీకు ఫ్రీ గానీ దీనికి నేదు. ఇది మగోడి కింద లెక్క."

బస్సంతా నవ్వింది. నేను నవ్వకుండా లగేజీ టిక్కెట్ తీసుకున్నాను.

రణస్థలంలో చేపలమ్మే ఆమె ఒకతె ఖాళీ గంపతో ఎక్కి నా పక్కన కూర్చుంది. ఎక్కడికని అడిగితే చెప్పాను.

"మా ఆయనా పడవకి అతుకులేస్తాడప్పా. ఒడ్డున అన్నీ బాగానే ఉంటాయి. నీళ్లమీద కూకున్నోడికే తెలుస్తాది," అంది.

తొమ్మిదింటికి విజయనగరంలో దిగి, ఇంటి నుంచి తెచ్చిన అట్లు బస్టాండు బెంచీ మీద తిన్నాం. పైడమ్మ టీ అడిగింది. దండగ అన్నాను. అక్కడి నుంచి ఆటోలో కొత్తవలస రోడ్డులో ఉన్న చక్రాల దుకాణానికి వెళ్లాం.

మేస్త్రి నలభై ఏళ్లవాడు. చక్రాన్ని వెలుతురులో తిప్పి చూశాడు.

"వంపు తీసేస్తాను, గంట పని. అయితే దీన్ని సుత్తితో కొట్టిందెవులు?"

"ఎవులూ కొట్టనేదు. గుంతలో పడింది," అన్నాను.

పైడమ్మ తల దించుకుంది. నిజం ఏమిటంటే, వారం కిందట రాము ఇంట్లో లేనప్పుడు దాన్ని మా ఊరి కమ్మరి కొలిమికి పట్టుకెళ్లింది నేనే. అతను నాటుబండి చక్రాల ఇనుప పట్టాలు చక్కగా సరిచేస్తాడు. "ఇది ఇనుము కాదప్పా, నాకీ పని తెల్దు," అన్నాడు. "ఇనుమైతే ఏటి, ఇదైతే ఏటి, కొట్టు," అన్నాను. కొట్టాడు.

బేరం మొదలుపెట్టే ముందు, అలవాటుకొద్దీ, సంతలో కుండను చూసినట్టు వేళ్లు మడిచి చక్రం మీద కొట్టాను.

"కుండ కాదు మామ్మా," అని మేస్త్రి నవ్వాడు.

కానీ చప్పుడు పగిలిన కుండలా మొద్దుగా వచ్చింది. అతని నవ్వు ఆగిపోయింది. చక్రాన్ని కొక్కేనికి వేలాడదీసి కర్రతో తట్టి విన్నాడు. లోపలి వైపు కిరసనాయిలు పూసి, తుడిచి, సుద్దపొడి చల్లాడు. కాసేపటికి తెల్లటి పొడి మీద వెంట్రుకంత నల్లటి గీత తేలింది. సరిగ్గా సుత్తి దెబ్బ దగ్గరే మొదలైంది.

"వెల్డింగ్ ఎయ్యమంటే ఏస్తాను. ఎన్నాళ్లు ఆగుతాదో సెప్పనేను. బండిలో కూకునేది ఎవులు?"

చేపలామె మాట గుర్తొచ్చింది.

"మా ముసలాయన. వేరేది సూపించు," అన్నాను.

పాత కారు నుంచి తీసిన అదే కొలత చక్రాలు నాలుగు చూపించాడు. నాలుగూ తట్టాను. మూడోది ఖంగుమంది. దానికీ సుద్ద చల్లించి చూశాకే తీసుకున్నాను. పగిలినదాన్ని తుక్కు కింద తీసుకుంటానన్నాడు.

"నా కళ్ల ముందే కోసి తీసుకో. అతికించి ఇంకొకలికి అమ్మకు," అన్నాను. కోశాడు. సుత్తి దెబ్బ ఉన్న ముక్క నేను ఉంచుకున్నాను.

బస్టాండులో పైడమ్మకు టీ ఇప్పించాను.

"మీ అబ్బాయికి సుత్తి సంగతి నేను సెప్పనత్తా," అంది గ్లాసు పట్టుకుని.

"నేను సెప్తాను. నువ్వు తాగు."

ఒంటిగంట బస్సులో తిరిగి వచ్చాం. ఈ పని మీద వెళ్లేవాళ్లకు ఒక మాట. వంగిన చక్రాన్ని తెలిసినవాడు బాగుచేయగలడు. పగిలినదాన్ని నమ్మి మనిషిని కూర్చోబెట్టకూడదు. తెలియనివాడి చేత సుత్తి పట్టించకండి, వాడు వద్దంటున్నప్పుడు అసలే వద్దు.

చిలకపాలెంలో రాము మోటారుసైకిల్‌తో ఉన్నాడు. ఈ పది రోజులూ వాళ్ల నాన్న ముందు, కళ్లెక్కడ పెట్టుకుని నడిపావని వాణ్ని తిడుతూనే ఉన్నాను. ముక్క తీసి వాడి చేతిలో పెట్టాను.

"గుంత వంచింది రా. పగలగొట్టించింది నేను. ఇంటికెళ్లి మీ నాన్నకీ సెప్తాను."

వాడు ముక్కను అటూ ఇటూ తిప్పి చూశాడు. సంచిలోంచి చక్రం పైకి తీశాడు. బండికి కట్టే ముందు చెవి దగ్గర పెట్టుకుని, వేళ్లు మడిచి, ఒకసారి తట్టాడు.