కత్తెర కొరకని ముక్క

రాజేశ్వరి చేతికి కత్తెర వచ్చిందంటే ఇక లోకంతో పనిలేదు. జాకెట్లు కుట్టే కత్తెర కాదండోయ్! ఆమె పనిచేసే ఆసుపత్రి ల్యాబులో రక్తకణాలకు ఫోటోలు తీసి, అందులో నల్లటి పోగుల్లా కనిపించే క్రోమోజోములను ఒక్కొక్కటే కత్తిరించి, పెద్దవాటి నుంచి చిన్నవాటిదాకా జతలు జతలుగా అట్టమీద అంటించాలి. గుంటూరు నుంచి కాపురానికి వచ్చిన ఆవిడకు ఆ పనంటే ప్రాణం.

డెబ్భయి నాలుగులో, శివరాత్రి వెళ్ళిన రోజుల్లో, ఆమె బల్లమీదికి ఐలయ్య రక్తం వచ్చింది. కూకట్‌పల్లిలో ఆమె కుటుంబానికి రెండు గదులు అద్దెకిచ్చిన రైతు ఆయన. బ్లడ్ క్యాన్సరని తేలినా కంటతడి పెట్టలేదు. నాటుదామని తెచ్చుకున్న ద్రాక్షకొమ్మలు తడిగోనెలో ఉన్నాయి, ఆయన దిగులంతా వాటిమీదే.

"జర నిజం చెప్పు బిడ్డా. పందిరెయ్యాలె, రెండేండ్లు సాకాలె, అప్పుడు కాయ. గందాక నేనుంటనా? లేకుంటే గివి ఎవలికన్న ఇచ్చేస్త."

ఫోటో కత్తిరించి చూశాక చెబుతానంది. ఆ జబ్బున్న చాలామందిలో ఒక చిన్న క్రోమోజోము తోక తెగి మరీ పొట్టిగా ఉంటుంది. ఆ పొట్టిది ఉన్నవాళ్ళే మందుకు బాగా లొంగి కొన్నేళ్ళు నిలదొక్కుకుంటున్నారనీ, లేనివాళ్ళు తొందరగా పోతున్నారనీ పైదేశాల డాక్టర్లు రాస్తున్నారు. ఉండకూడని లోపం ఉంటేనే మేలట, ఎంత విడ్డూరం!

ఫోటో కత్తిరించి అంటిస్తే, ఉంది! పొట్టిది ఉంది! రాజేశ్వరి గుండె ఎగిరి గంతేసింది. మరుక్షణం జారిపోయింది. పొరపాటున ఆ తోకను తానే కోసేసిందేమో? ఆయన బతకాలన్న ఆశ కత్తెరలోకి దిగిందేమో? బల్లకింద చతికిలబడి కాగితం తుంపులన్నీ ఏరింది. తోక దొరకలేదు. అయినా మనసు ఒప్పుకోలేదు.

లేచి మైక్రోస్కోపు ముందు కూర్చుంది. అక్కడ కత్తెర లేదు కదా! ఒక కణం చూసింది, పొట్టిదే. ఇంకోటి చూసింది, అదీ పొట్టిదే.

"డాక్టరుగారూ, త్వరగా రండి!" ఆ కేకకు డాక్టర్ భీమేశ్వరరావు చేతిలో కాఫీ ఒలకబోసుకుంటూ పరుగెత్తుకొచ్చారు. చూశారు. ఆయన ముఖం వెలిగింది.

"ఉందమ్మా! నయమైపోతుందని మాత్రం మాటివ్వకండి. మందు పనిచేస్తుందన్న ఆశ మాత్రం గట్టిదే."

బస్సులో సీటున్నా కూర్చోలేకపోయింది. ఇంటి ముందు దిగీ దిగగానే అరిచింది. "నాటండి పెద్దయ్యా! నయమవుతుందని చెప్పలేనుగానీ, మందుకు లొంగే రకమేనండి. ముందు ఆ కొమ్మలు నాటండి!"

ఐలయ్య గడ్డపార అందుకున్నాడు.

మందు పనిచేసింది. పందిరికి మొదటి కాపు వచ్చిననాడు ఆయన ఒక గుత్తి తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. ఒక్కటి కొరికేసరికి ఆమెకు పళ్ళు పులిసిపోయాయి.

"పుల్లగున్నయా? ఫికర్ జెయ్యకు బిడ్డా" అన్నాడు ఐలయ్య తీగ సర్దుతూ. "వచ్చే యేడు తియ్యగైతయ్ చూడు."

రాజేశ్వరి తల తిప్పుకుని కళ్ళు తుడుచుకుంది. ఇంకో నాలుగు నోట్లో వేసుకుంది.