మా ఆయన ఊపిరి, మా సెల్లార్ రూము

హైదరాబాద్ రాయదుర్గంలో మేం కాపలా ఉండే అపార్ట్‌మెంట్‌లో వాటర్ ట్యాంకు ఆరేళ్లలో ఒక్కసారి కూడా పొర్లలేదు. కరోనా రెండోసారి విజృంభించిన ఎండాకాలంలో ఒక పొద్దున నీళ్లు గోడ వెంట ధారగా కారాయి. కింద మోటారు స్విచ్ ఆపేసి ఐదంతస్తులు ఎక్కితే, ట్యాంకు చూడటానికి వెళ్లిన మా ఆయన సాయిలు టెర్రస్ మెట్ల మీద కూలబడి రొప్పుతున్నాడు. ఒళ్లు జ్వరంతో కాలిపోతోంది.

"జర దమ్మొస్తుంది, గంతే. ఎవ్వరికీ చెప్పకు. తెలిస్తే రూము ఖాళీ చేయమంటరు" అన్నాడు.

ఆ భయం ఉత్తది కాదు. సెల్లార్‌లో మేముండే రూము వాచ్‌మన్ పనితో వచ్చింది. పని పోతే అదీ పోతుంది. సాఫ్ట్‌వేర్ వాళ్లంతా ఊళ్లకెళ్లి అక్కడినుంచే పని చేసుకుంటున్నారు. సగం ఫ్లాట్లకు తాళాలు. మెయింటెనెన్స్ రాక, వాచ్‌మన్‌ను తీసేసి రూము కిరాయికి ఇద్దామని కమిటీలో అప్పటికే మాట నడుస్తోంది. అందుకే నేనూ నోరు మూసుకున్నాను. నాలుగు రోజులు జ్వరం గోలీలతో నెట్టుకొచ్చాం. ఐదో రోజు ఆయన పెదాలు నల్లబడ్డాయి.

దవాఖానలో డాక్టరమ్మ కేకలేసింది. "ఇన్ని రోజులు ఏం చేసిండ్రమ్మా? ఆక్సిజన్ సాచురేషన్ ఎనభై నాలుగే ఉంది!" సీటీ స్కాన్‌లో రెండు లంగ్స్‌లోనూ ఇన్ఫెక్షన్. ఆక్సిజన్ పెట్టారు, స్టెరాయిడ్స్ ఇచ్చారు. కాస్త కోలుకునేలోపు షుగర్ పెరిగింది, ఇన్సులిన్ మొదలైంది. డిశ్చార్జ్ రోజు, "ఫైబ్రోసిస్ ఉంది, ఊపిరితిత్తులు గట్టిపడ్డయి. మూడు నెలలు మెట్లు ఎక్కనియ్యకు" అంది.

మెట్లెక్కని వాచ్‌మన్ ఎవరికి కావాలి? కమిటీ సెక్రటరీ సారుది కర్నూలు వైపు. ఆయన మర్నాడే వచ్చి గుమ్మం బయటే నిలబడ్డారు.

"రూము పనికోసం ఇచ్చిండేది యాదమ్మా. ఆయప్ప ఇంగ చేయలేడు గదా. నెలాఖరుకి ఖాళీ చేయండి."

"వాచ్‌మన్ గావాల్నంటే నేనున్న గద సార్."

"మోటార్లు, వాల్వులు నీకేం తెలుసు?"

నిజమే, స్విచ్ ఆపడం తప్ప ఏమీ తెలియదు. కానీ సాయిలుకు తెలుసు. మంచం మీదినుంచే రెండేసి మాటలకోసారి ఆగుతూ చెప్పాడు. బోరుదో వాల్వు, నల్లాలో వచ్చే మంజీరా నీళ్లదో వాల్వు, ట్యాంకరుదో వాల్వు. నేను సుద్దముక్కతో గోడ మీద గీసుకున్నాను. మొదటి రోజు తప్పు వాల్వు తిప్పి నిలువునా తడిశాను. సారు చూసి తల తిప్పుకున్నారు. నాకు ఏడుపు రాలేదు, పంతం వచ్చింది.

రెండు వారాలకు, మోటారు చప్పుడు మారడం విని ఆపేశాను. బోర్లో నీళ్లు దిగిపోయాయి. "ఇంకొంచెం నడిస్తే కాలిపోతుండె" అన్నాడు చూడటానికొచ్చిన మెకానిక్, సారు ముందరే. ఆ రోజు సారు గుమ్మం దాటి లోపలికొచ్చి గోడ మీది గీతలు చాలాసేపు చూశారు. ఖాళీ చేయమన్న మాట మళ్లీ ఎత్తలేదు.

ఇప్పుడు రిజిస్టర్లో వాచ్‌మన్ అన్నచోట నా పేరుంది. సాయిలు గేటు దగ్గర కుర్చీలో కూర్చుంటాడు, నెమ్మదిగా నడుస్తాడు, షుగర్ అదుపులో ఉంది. కొత్తగా దిగినవాళ్లు వాచ్‌మన్ ఏడని అడిగితే, ఆయనే నన్ను చూపించి "గామెనే" అంటాడు. అప్పుడు ఆయన ముఖం చూడాలి.

మాలాగే పనితో ముడిపడిన ఇంట్లో ఉండేవాళ్లకు ఒకటే చెబుతాను. ఇద్దరూ బాగున్న రోజుల్లోనే ఒకరి పని ఒకరు నేర్చుకోండి. ఆ మూడు వాల్వులు నాకు ముందే తెలిసి ఉంటే, మా ఆయన నాలుగు రోజులు జ్వరాన్ని దాచుకునేవాడు కాదు.