స్పాంజిలో చుట్టిన హార్డ్ డిస్క్

2023 వానాకాలం. మహబూబాబాద్‌లో నా కంప్యూటర్ రిపేరు దుకాణానికి అప్పటికి పన్నెండేళ్లు. చిన్న చిన్న సమస్యలను ఫోన్లోనే తేల్చేసేవాణ్ణి.

ఒకరోజు కురవి దగ్గరి తండా నుంచి సునీత అనే అంగన్‌వాడీ టీచర్ ఫోన్ చేసింది.

“అన్నా, కంప్యూటర్ ఒకటే గుయ్యిమంటున్నది. పాట రికార్డ్ చేస్తే పాట కన్న గదే ఎక్కువ ఇనబడ్తున్నది. హార్డ్ డిస్క్ మీద చెయ్యి పెడితే వణుకుతున్నది.”

హార్డ్ డిస్క్ అంటే కంప్యూటర్లో మనం దాచుకున్నవన్నీ ఉండే లోహపు పెట్టె. లోపల పలకలు నిమిషానికి వేల సార్లు తిరుగుతుంటాయి. నా ఎదుట వేరే గిరాకీ నిలబడి ఉన్నాడు. “చుట్టూ జర స్పాంజి పెట్టు చెల్లే, తగ్గుతది” అని ఫోన్ పెట్టేశాను.

పది రోజులకు ఆమె సీపీయూను ఒళ్లో పెట్టుకుని ఆటోలో వచ్చింది. వెంట వాళ్లమ్మ కమిలి, డెబ్బై దాటిన మనిషి.

“చప్పుడైతే పోయింది అన్నా. కానీ అరగంట నడిస్తే ఆగిపోయేది. నిన్నటి సంది మొత్తానికే లేస్తలేదు.”

ఆన్ చేసి కాసేపు చూసి, మూత విప్పాను. హార్డ్ డిస్క్ చుట్టూ దిండు స్పాంజి, దాని మీద టేపు. గాలి చొరబడే సందు లేదు. స్పాంజి తీసి ముట్టుకుంటే వేలు చురుక్కుమంది.

“గిట్ల చుట్టమని ఎవరు చెప్పిన్రు?”

సునీత నా ముఖంలోకి చూసింది. “మీరే గద అన్నా.”

అందులో ఏముందో అప్పుడు అడిగాను. పెళ్లికూతురు పుట్టింటిని విడిచి వెళ్లేటప్పుడు ఏడుస్తూ పాడే లంబాడీ పాటలు, వాళ్ల భాషలో ఢావ్లో. ఆ తండాలో అవి పూర్తిగా వచ్చింది కమిలికొక్కదానికే. ఆయాసం వల్ల ఆగి ఆగి, రెండు నెలలు పట్టి పదిహేడు పాటలు పాడింది. ఇంకెక్కడా కాపీ లేదు.

కమిలి కూతురితో తమ భాషలో ఏదో అంది. “పాటలు కాలిపోయినయా అని అడుగుతున్నది” అంది సునీత.

హార్డ్ డిస్క్‌ను పూర్తిగా చల్లారనిచ్చి, నా కంప్యూటర్‌కు కలిపి, పక్కన ఫ్యాను పెట్టి, మధ్యమధ్య ఆపుతూ కాపీ చేశాను. పదిహేను పాటలు వచ్చాయి. రెండింటి దగ్గర బ్యాడ్ సెక్టర్లు, అంటే యంత్రం చదవలేని మచ్చలు. ఎన్నిసార్లు ప్రయత్నించినా అవి రాలేదు.

“తప్పు నాదే అవ్వా” అన్నాను.

“నా గొంతు ఉన్నది గద, మల్ల పాడుత. ముందుగాల దీని లొల్లి బంద్ చెయ్యి బిడ్డా” అంది కమిలి తెలుగులో.

కొత్త హార్డ్ డిస్క్ బిగించాను. మళ్లీ అదే గుయ్యిమనడం. దాన్ని విప్పి చేతిలో పట్టుకుంటే మాత్రం చప్పుడు దాదాపు లేదు. అప్పుడు అర్థమైంది. మోగుతున్నది హార్డ్ డిస్క్ కాదు, దాన్ని స్క్రూలతో బిగించిన రేకు. ఆ వణుకు స్క్రూల గుండా రేకులోకి పోతోంది.

సైకిల్ ట్యూబు కోసి పట్టీలు చేశాను. సీడీ డ్రైవ్ తీసేసిన ఖాళీ అరలో, ఎక్కడా రేకుకు తగలకుండా, హార్డ్ డిస్క్‌ను వాటి మీద బిగుతుగా వేలాడదీశాను. చుట్టూ వేలెడు ఖాళీ ఉంది. దాని ముందు మెల్లగా తిరిగే ఫ్యాను ఒకటి పెట్టాను. రెండు గంటలు నడిపి సాఫ్ట్‌వేర్‌లో చూస్తే వేడి నలభై మూడు డిగ్రీలు దాటలేదు. చెవి ఆనిస్తే తప్ప చప్పుడు వినబడలేదు.

పట్టీలు దారిలో జారతాయేమోనని సీపీయూను నేనే తండాకు తీసుకెళ్లాను. కమిలి గోడకు ఆనుకుని కూర్చుని, పోయిన రెండు పాటల్లో మొదటిది ఏకధాటిగా పాడింది. రెండోది మధ్యలో ఆగింది. మొదటికి వచ్చి మళ్లీ అందుకుంది. అక్కడే ఆగింది.

“మొన్న పాడినవు గద యాడీ” అంది సునీత తల్లితో.

“వస్తలేదు బిడ్డా” అంది కమిలి, తెలుగులోనే. నాకు అర్థం కావాలనేమో.

ఆ పాటలో అక్కడి నుంచి రెండు చరణాలు ఆమెకు మళ్లీ గుర్తుకు రాలేదు. ఏడాదికోసారి ట్యూబు పట్టీలు మార్చడానికి వెళ్లినప్పుడు అడుగుతూనే ఉన్నాను.

ఇప్పుడు చప్పుడని ఎవరు ఫోన్ చేసినా మందు చెప్పను, పెట్టె తెమ్మంటాను. వేడికి దారి మూయకుండా చప్పుడు ఆపడం నేనలా నేర్చుకున్నాను. ఆ చదువుకు రెండు చరణాలు ఖర్చయ్యాయి. అవి నావి కావు.