మంద వెనక నేర్చిన మాట

తాండూరు టాకీసుల్లో నేను చూసిన ప్రతి సినిమాకూ నా డైరీల్లో ఒక పేజీ ఉంది. కథ రాయను. ఏ పాత్ర ఏ ఊరి మాట మాట్లాడింది, ఎక్కడ దొరికిపోయింది, అదొక్కటే రాస్తాను. కరణ్‌కోట సిమెంటు ఫ్యాక్టరీ కార్మికుల మాటలో కన్నడం ఎంత కలుస్తుందో, పరిగి బస్టాండు చేరేసరికి ఎంత తగ్గుతుందో ఉద్యోగం చేసినన్నాళ్లూ విన్నవాణ్ని. తెర మీద మన యాసకు చాలాకాలం రెండే పనులు ఇచ్చారు: నవ్వించడం, తిట్టడం. ఎక్కువమంది నటులు ‘గిట్ల’ దగ్గరే దొరికిపోయేవారు. ఆ ఒక్క మాటను కాలితో తొక్కి మరీ ముందుకు వెళ్లేవారు.

మొన్న వానలు తగ్గాక మా పక్కింటివారి అల్లుడు నన్ను పిలిచాడు. గుంటూరు వైపు మనిషి, సినిమా దర్శకుడు. వికారాబాద్ గుట్టల్లో షూటింగు పెట్టుకున్నాడు. గొర్రెలు కాసే ఆమె పాత్రకు విశాఖపట్నం అమ్మాయిని తీసుకున్నాడు. అంతకుముందు మూడు సినిమాల్లో ఆమె మొహానికి వేరొకరి గొంతు పెట్టారు. ఈసారి తన గొంతే ఉండాలని ఆమె పట్టు.

“శనివారం దాకా టైమిచ్చాను మావయ్యగారూ. కుదరకపోతే డబ్బింగ్ ఆవిడ సిద్ధంగా ఉంది,” అన్నాడు.

“మా అమ్మ ఈసారి కూడా హాల్లోంచి లేచొచ్చేస్తుంది బాబాయ్‌గారూ. ఇది మా పిల్ల కాదంటుంది,” అంది ఆ అమ్మాయి. నవ్వుతూనే అంది కానీ చేతిలో డైలాగు కాగితం నలిగిపోయింది.

నేను డైరీలు తిరగేసి నూట పన్నెండు మాటలు వరుస నంబర్లతో రాసిచ్చాను. రెండు రోజుల్లో అన్నీ కంఠస్థం చేసింది. సంతోషించి, షూటింగుకు మంద ఇచ్చిన పూడూరు దారిలోని గొర్రెలామె దగ్గరకు తీసుకెళ్లాను. అమ్మాయి తన డైలాగు చెప్పింది. గొర్రెలామె గడ్డం కింద కర్ర ఆనించి చివరిదాకా విన్నది.

“ఎవ్వల మీద బిడ్డా, గంత కోపం?”

“కోపం కాదక్కా, డైలాగు.”

“గట్ల మాట్లాడితె మా ఆయన గుడ ఉర్కుతడు. గొర్లెంత!” అని నావైపు తిరిగింది. “సారూ, గీ కాయితం నువ్వు రాసినవా? జర గొర్లకు సదివి ఇనిపియ్యి, ఏమంటయో సూద్దాం.”

నేను కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

“రేపు పొద్దుగాల రా పిల్లా. ముంగట నేనుంట, ఎనుక నువ్వు నడువు.”

మంద తోలేటప్పుడు ఒకరు ముందు, ఒకరు వెనక ఉంటారు. మధ్యలో నూరు గొర్రెలు. మాట ఆ నూరింటినీ దాటి అవతలికి చేరాలి. అరిస్తే మంద బెదురుతుంది. అందుకని గొంతు పెంచరు, మాట చివర సాగదీస్తారు. గొర్రెల అరుపు సద్దుమణిగేదాకా ఆగి, మిగతా సగం అప్పుడు అంటారు. ఇదంతా పుట్టినప్పటి నుంచి వింటున్నాను. మాటలు రాసుకున్నాను గానీ, ఆ ఆగడం నా డైరీల్లో ఎక్కడా లేదు.

బుధవారం అమ్మాయి ఒక్క కేక వేసింది. మంద మొత్తం కంది చేనులో పడింది. రైతు వచ్చి అందరినీ తిట్టాడు. అమ్మాయి ఆ తిట్లు కూడా శ్రద్ధగా విన్నది. నేను బండ మీద కూర్చుని తప్పులు గుర్తు పెట్టాను: బుధవారం ఇరవై మూడు, గురువారం తొమ్మిది, శుక్రవారం నాలుగు. శుక్రవారం సాయంత్రానికి ఆమె గొంతు బొంగురుపోయింది. రాత్రికి తగ్గుతుందా అని అందరినీ అడిగింది.

శనివారం దర్శకుడు మూడు డైలాగులు రికార్డు చేసి, హెడ్‌ఫోన్లు పెట్టుకుని విన్నాడు.

“నాకు బాగానే ఉంది. కానీ నాకు బాగున్నవన్నీ మీ డైరీల్లో తప్పులే కదా మావయ్యగారూ!”

నేనూ తేల్చి చెప్పలేకపోయాను. మూడు రోజులు ఆ పిల్ల కష్టం చూశాక నా చెవిని నేనే నమ్మలేదు. హెడ్‌ఫోన్లు గొర్రెలామెకు పెట్టమన్నాను. ఆమె కొంగు సర్దుకుని పెట్టించుకుంది. మంద అప్పటికే దొడ్డికి వెళ్లిపోయింది. ఎదురుగా ఖాళీ గుట్ట. అమ్మాయి ఆమె వెనక పది అడుగుల దూరంలో నిలబడింది.

రికార్డులో ఉన్న మొదటి మాట ఇది: “అక్కా... కుంటి గొర్రె కానొస్తలేదు... నీ దిక్కు గిన వచ్చిందా?”

ఆమె తల తిప్పలేదు. గుట్ట వైపే చూస్తూ, గొంతు పెంచకుండా, సాగదీసి జవాబు చెప్పింది.

“ఈడనే ఉన్నదే... నువ్వు... మెల్లగ రా...”

వెనక నుంచి అమ్మాయి, ఏ కాగితంలోనూ లేని మాట, అదే తీరున అంది.

“వస్తున్న అక్కా...”

అప్పుడు గాని గొర్రెలామె చెవుల మీది హెడ్‌ఫోన్లు తడుముకుని చూసుకోలేదు. “అయ్యో, గొర్లు లేనేలేవు గద!” అని పడి పడి నవ్వింది. అమ్మాయి మాత్రం నవ్వలేదు, దర్శకుడి వైపే చూస్తూ నిలబడింది. అతను పక్కకు వెళ్లి, డబ్బింగ్ ఆవిడకు ఫోన్ చేసి, రానవసరం లేదని చెప్పాడు.