అంతయ్య పటం, అమెరికా పటాలు

చొప్పదండి సాలోళ్లం మేము, మగ్గం నేసేవాళ్లం. మాకు కులపురాణం చెప్పే హక్కు కూనపులి అంతయ్యది. వాకిట్లో పటం కట్టి, కర్రతో ఒక్కో బొమ్మా చూపిస్తూ పాడేవాడు. చెప్పేవాడు పక్కన లేకపోతే పటం ఉత్త గుడ్డేనని అతని నమ్మకం. ఎవరూ అడగకపోయినా ఆ మాట చెబుతుండేవాడు.

తండ్రి నాటి పటం చివికిపోయింది. అలాంటిదాన్ని గోదాట్లో కలిపి, మనిషికి చేసినట్టే దినం చేయడం వాళ్ల ఆనవాయితీ. అంతలో హైదరాబాదు నుంచి మ్యూజియం ఆఫీసరొకాయన వచ్చి, మాకిస్తే అద్దాల వెనక పెట్టి కలకాలం కాపాడుతామన్నాడు. అంతయ్యకు ఆశ పుట్టింది. తండ్రి చెయ్యి తగిలిన గుడ్డను నీళ్లపాలు చేయాలని ఎవరికుంటుంది? పటం చంకన పెట్టుకుని, నన్ను తోడు తీసుకుని బస్సెక్కాడు. అది అరవై అయిదో, అరవై ఆరో సంవత్సరం.

అప్పుడు ఆ మ్యూజియంలో ఎవరో అమెరికా చిత్రకారుడి పటాలు పెట్టారు. గోడంతేసి గుడ్డలు. ఒకటి మొత్తం ఎరుపు, ఒకటి మొత్తం నలుపు. మనిషి లేడు, గొడ్డు లేదు. నాకు తిక్కరేగింది. మా రంగుల తొట్టి పక్క గోడా ఇట్లాగే ఉంటుంది, దాన్ని చూడ్డానికి ఎవరూ బస్సెక్కి రారు. అంతయ్య మాత్రం చెప్పులు విడిచి, ఎర్రపటం ముందు కూర్చున్నాడు.

"లే అంతన్నా, పోదాం."

"జర ఆగు. చెప్పెటోడు రానియ్యి."

చెప్పేవాడు రాలేదు. జనం వచ్చారు, చేతులు వెనక్కి కట్టుకుని తలలూపారు, వెళ్లారు. చివరికి ఆఫీసరే వచ్చాడు.

"సారూ, గీ పటం చెప్పెటోళ్లెవరు?"

"ఎవరూ లేరు. చూడడమే."

"ఏసినాయన?"

"చనిపోయారు."

"ఆయన మనుషులు?"

"ఇక్కడెవరుంటారయ్యా?"

 అంతయ్య లేచి, పటాన్ని చంకలోకి జరుపుకున్నాడు.

"మా బాపును గిట్ల ఒక్కన్నే నిలబెట్టలేను సారూ," అన్నాడు.

ఆఫీసరు మంచివాడు. చాయ్ తాగించి పంపాడు.

ధర్మపురిలో పటాన్ని గోదాట్లో విడిచాడు. ఏడ్చాడు. నేనూ ఏడ్చాను, దాచేదేముంది. తండ్రి పటానికి పిండం పెట్టాక అంతయ్య ఇంకో విస్తరి పరిచాడు.

"ఇదెవరికి?" అన్నాడు పిండం పెట్టించే అయ్యగారు.

"అమెరికాయనకు. బొమ్మలేసెటోడు."

"పేరు?"

"ఎర్కలేదు."

"గోత్రం?"

అంతయ్య నా మొహం చూశాడు.

"మార్కండేయ అనుండ్రి అయ్యగారూ," అన్నాను. "మాదే."